ఆకులు ఆగే చోటు

ఇంటి ముందు టైల్స్ పరిచాక, ఆకులు ఊదే గాలి మిషన్ కొన్నాను. ఇంట్లో నా మాటలు ఎలాగూ గాలికే పోతాయి. కనీసం గాలైనా నా మాట వింటుందని. నా తల మీద ఆకురాలు కాలం ముగిసి చాలా ఏళ్లయింది కాబట్టి, ఊడవడానికి ఊళ్లో వాకిళ్లు వెతుక్కునేవాణ్ణి.

మొన్నటి ఈస్టర్‌కు ముందురోజు దాన్ని మా సమాధుల తోటకు తీసుకెళ్లాను. అది టేకులపల్లి దాటాక, అడవి అంచున ఉంది. కంచె అవతల అన్నీ టేకు చెట్లే. ఆ కాలానికి నేల మీద విస్తళ్లంత ఎండుటాకులు మందంగా పరుచుకుని ఉంటాయి. నాన్నది సిమెంటు సమాధి. దాని వెనకాల ఎక్కడో అక్క ఉంది. నేను పుట్టకముందే, తనకు మాటలైనా రాకముందే పోయిన అక్క. శిలువ లేదు, రాయి లేదు. చోటు అమ్మకే తెలుసు. ఏటా కంది కట్టెల చీపురుతో పైపైన ఊడ్చి, ఒకచోట ఆగి, తెల్లవారి పండగపూట అక్కడ కొవ్వొత్తి వెలిగించేది.

అమ్మ ఆటో దిగి వచ్చేసరికి నేలంతా అద్దంలా చేసి పెట్టాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె చెప్పులు విడిచి అటూ ఇటూ నడిచింది.

“ఏందిరా, మొత్తం ఊదేసినవా? ఇగ పిల్ల జాగ ఎట్ల గుర్తువట్టాలె?”

అప్పుడు చెప్పింది. చిన్న గొయ్యి కదా, మట్టి కుంగి కంటికి ఆననంత కొద్దిపాటి పల్లమైంది. ఆకులు అందులో చేరతాయి. చీపురు పైవాటినే లాగుతుంది, అడుగువి మిగులుతాయి. ఆ మిగిలినవే ఆనవాలు. వంగి చూశాను. నేలంతా ఒకటిగానే ఉంది.

కుప్పలోంచి ఆకులు తెచ్చి చల్లుదామన్నాను. మనం వేస్తే మనం వేసినచోటే పడతాయంది. నాన్న సమాధి అంచున కూర్చున్నాం. గాలిని భుజాన మోసుకొచ్చినవాణ్ణి, గాలి కోసం కాచుకున్నాను.

పొద్దు వాలాక అడవి వైపు నుంచి వచ్చింది. కంచె సందుల్లోంచి ఆకులు గరగరమంటూ దొర్లాయి. కొన్ని మమ్మల్ని దాటిపోయాయి. ఒకటి ఆగింది. దాని మీదికి ఇంకొకటి వచ్చి చేరింది. అమ్మ లేచింది.

పోయినేడు కొవ్వొత్తి పెట్టింది అక్కడ కాదు, మూలనున్న వేపచెట్టుకు ఇంకా దగ్గరగా. అదే చెప్పాను.

“పండుకున్న పిల్ల ఒక్కకాడనే ఉంటదారా? దొర్లుతది.”

ఆ రెండాకులను కదపకుండా చుట్టూ ఊడవడం మొదలుపెట్టింది. మిషన్ ఎత్తుకుని ఆటో దాకా వెళ్లాలి. ఎక్కడ అడుగు వేయాలో తెలియక అక్కడే నిలబడ్డాను.