అత్తమ్మ ఒక్కపొద్దులు

రాజోలిలో మా పక్కింటి కోడలి మెత్తని గొంతు నేను మరిచిపోలేను. మూడోసారీ ఆడపిల్లే పుట్టిందని అత్త ఆ పచ్చి బాలింతకు అన్నం కూడా పెట్టలేదు. కానీ గద్వాల దవాఖానలో కడుపు కోసి కాన్పు చేసినప్పుడే ఆమె పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంది. తోడున్న నాకు తప్ప ఎవరికీ, పుణె వలసపోయిన మొగుడికి కూడా తెలియదు.

మనవడి కోసం అత్త శనివారాలు కటిక ఒక్కపొద్దులు ఉండసాగింది. కోడలే దీపం వెలిగించి, "ఇంకొక్క వారం ఉండు అత్తమ్మా, దేవుడు చూస్తడు" అనేది.

ఏళ్లు గడిచి, ఊరికి వరదలొచ్చిన నాటికి ముసలామె చిక్కి సగమైంది. "పాపం, ఇగనన్న చెప్పరాదే" అన్నాను.

"ఆకలి ఎట్లుంటదో ఆమెకు ఇంకా తెల్వలే అక్కా" అంది.

ఆ శనివారం కూడా అత్త ఎదుటే కూర్చోబెట్టి, ముగ్గురు ఆడపిల్లలకూ కడుపునిండా అన్నం పెట్టింది.