పేరు చెప్పని ప్రార్థన మనవి

మా చర్చి సంఘంలో ప్రార్థన మనవులు చెప్పుకునేటప్పుడు ఒక అలవాటు ఉంది. ఇంకొకరి కష్టం చెప్పాలనుకున్నవాళ్ళు లేచి నిలబడి, "పేరు చెప్పను గానీ" అని మొదలుపెడతారు. పేరు చెప్పను గానీ ఒక సహోదరి భర్త రోజూ తాగి వస్తున్నాడు. పేరు చెప్పను గానీ ఒక ఇంట్లో బిడ్డకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆమేన్ అనేలోపే అది ఎవరి ఇల్లో గది మొత్తానికి తెలిసిపోతుంది. కళ్ళు మూసుకుని ఆ ఇల్లు కనిపెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఆ అలవాటును ఎగతాళి చేసిందీ నేనే. అందుకే, తెలియక చేశాననే సాకు కూడా నాకు మిగల్లేదు.

నా స్నేహితురాలు, నేను గద్వాల పక్క పత్తి విత్తనాల చేన్లలో జోడీగా పనిచేసేవాళ్ళం. క్రాసింగ్ పని ఇద్దరు కలిసి చేస్తేనే బాగా సాగుతుంది. మధ్యాహ్నం పూట, రేపు విచ్చుకోబోయే మొగ్గల రేకులు తీసి లోపలి పుప్పొడిని బొటనవేలి గోరుతో గీకెయ్యాలి. తెల్లారి మగ చెట్ల పువ్వులు తెచ్చి వాటికి రుద్దాలి. ఒక్క మొగ్గను మరిచిపోయినా విత్తనం చెడుతుంది కాబట్టి, ఒకరు వదిలింది ఇంకొకరు చూసుకోవాలి. ఎనిమిది సీజన్లు నేను వదిలిన మొగ్గలను ఆమె చూసి సరిచేసింది. ఒక్కసారి కూడా మేస్త్రికి చెప్పలేదు. నేను మాత్రం ఆమె వదిలినవాటిని చేనంతా వినేలా అరిచి చూపించేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది. స్నేహమంటే నేను మాట్లాడటం, ఆమె వినడం అనుకున్నాను.

ఈ ఏడు వానలు సరిగ్గా లేవు. రోజూ మబ్బు పట్టేది, కురిసేది కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం ఆమె గీకుతున్న మొగ్గను వదిలేసి, నా చెయ్యి పట్టుకుని ఎడమ రొమ్ము పక్కన, చంక దగ్గర పెట్టింది. రవిక మీది నుంచే చింతగింజంత గట్టిది వేలికి తగిలింది. నొక్కితే జరగలేదు.

"ఎన్ని దినాల సంది?" అన్నాను.

"ఎండకాలం సంది."

"మీ ఆయనకు చెప్పినవా?"

"ఆయన పట్నంల బిల్డింగ్ పనికాడ ఉన్నడు. మా అత్తకు తెలిస్తే నన్ను ఆత్మకూరుకు, మా అవ్వగారింటికి పంపుతది. పిల్లల్ని ఈడనే ఉంచుకుంటది. మా తోడికోడలికి ఫిట్స్ వస్తయని గట్లనే పంపింది. క్రాసింగ్ అయిపోయినంక వనపర్తి దవాఖానకు పోదాం, ఆడ మనల్ని ఎవ్వలు ఎరుగరు. నీకొక్కదానికే చెప్తున్న."

క్రాసింగ్ మన్నుగొట్టుకుపోనీ, రేపే పోదాం పద అనాల్సింది. నిజమైన స్నేహితురాలు అదే అనేది. నాకు భయమేసింది. దవాఖాన, డాక్టర్లు, ఆమె అత్త, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకు వచ్చాయి. "నేను ప్రార్థన చేస్తలే," అన్నాను. ఆ మాట అంటే ఇంకేం చేయక్కర్లేదు కదా.

ఆ మాటను నాలుగు రోజులు మోశాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊరికే అనేది కాదు. గురువారం స్త్రీల కూడికలో లేచి నిలబడ్డాను.

"పేరు చెప్పను గానీ, నా స్నేహితురాలికి రొమ్ములో గడ్డ అయింది. ప్రార్థన చేయండి."

నాకున్న స్నేహితురాలు ఒక్కతే. ఆ రోజు ఆమె రాలేదు. ముందు వరుసలోని ముసలమ్మ కళ్ళు మూసుకునే అడిగింది.

"ఎడమ దిక్కా, కుడి దిక్కా? ప్రభువుకు సరిగ్గ చెప్పాలె గద."

"ఎడమ," అన్నాను.

ఆ ఒక్క మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే మంట. చెప్తున్నప్పుడు గొంతులో ఏడుపు ఉన్నమాట నిజమే. దాని పక్కనే, ఇంత పెద్ద సంగతి నాకొక్కదానికే తెలుసన్న చిన్న గర్వం కూడా ఉంది. రెండూ కలిపి ప్రార్థన అనుకున్నాను.

శుక్రవారం పొద్దున సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ మనవి వచ్చింది. పేరు లేదు, కింద చేతులు జోడించిన బొమ్మలు మాత్రం వరసగా ఉన్నాయి. శనివారానికి ఆ నోటా ఈ నోటా ఆమె వాడకు చేరింది. ఆదివారం ఆరాధన కాగానే పాస్టరమ్మ, రోగులకు రాసి ప్రార్థించే నూనె సీసా తీసుకుని లేచింది. ఆమె వెనక పదిమంది ఆడవాళ్ళు, అందరి వెనక నేను. ఆపాలని లోపల ఒకటే పోరు. కాళ్ళు మాత్రం వాళ్ళతోనే పోయాయి.

సీజన్‌లో చేనుకు ఆదివారం ఉండదు. ఆమె అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది, వెనకాల పిల్లలిద్దరూ.

"గడ్డల రోగంది నా ఇంట్ల వద్దు. ప్రార్థన చేసుకుంటే చేసుకోండ్రి, అటెన్క దీన్ని ఆత్మకూరు బస్సెక్కియ్యుండ్రి," అన్నది అత్త.

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. తిట్టలేదు. పోయి మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రార్థన అరగంట సాగింది. అయిపోయాక పాస్టరమ్మ, "ఎట్లున్నది బిడ్డా?" అని అడిగింది. ఆమె అత్త వైపు చూసింది, పిల్లల వైపు చూసింది.

"పోయింది. గడ్డ లేదు."

హల్లెలూయ అన్నారు, చప్పట్లు కొట్టారు. అత్త గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది. నేనొక్కదాన్నే కొట్టలేదు. గడ్డ ఎక్కడికీ పోలేదని నాకు తెలుసు.

తర్వాతి ఆదివారం ఆమెను ముందుకు పిలిచి, దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెప్పించారు. ఆమె రెండే మాటలు చెప్పి వచ్చి కూర్చుంది. మా దగ్గర చెప్పిన సాక్ష్యాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు. బాగైందని చెప్పినామె దవాఖాన మెట్లెక్కితే దేవుడి మీద అబద్ధమాడినట్టే. పాస్టరయ్య దవాఖాన వద్దని ఎన్నడూ అనలేదు, ఆయనే రోజూ షుగర్ గోలీలు మింగుతాడు. ఆమె చుట్టూ ఆ గోడ కట్టింది ఆయన కాదు, నేను.

చేన్లో ఆమె ఇంకొకామెతో జోడీ కట్టింది. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. నేను దూరం నుంచి చూసేదాన్ని. ఎడమ మోచెయ్యి ఒంటికి ఆనకుండా పట్టుకుని పనిచేసేది. ముఖం పీక్కుపోయింది. ఒకరోజు గట్టు మీద ఎదురు పోయి ఆపాను.

"వనపర్తికి పోదాం పదవే. నీ కాళ్ళు మొక్కుత."

"పోయిందని అందరి ముంగట చెప్పిన గద. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

"సచ్చిపోతవే."

"నీకు చెప్పిననాడే సచ్చిన," అని పక్క నుంచి వెళ్ళిపోయింది.

ఇక నాకు రెండే దారులు. గడ్డ పోలేదని సంఘంలో చెప్పేస్తే, ఆమె ఒంటి సంగతిని రెండోసారి నలుగురిలో పడేసినట్టు. ఊరుకుంటే ఆమె బతకదు. ఆ ఆదివారం లేచి నా సంగతి మాత్రమే చెప్పాను. "ఒకామె నన్ను నమ్మి నాకొక మాట చెప్పింది. నేను దాన్ని తెచ్చి ఈడ పడేసిన. ప్రార్థన కోసం కాదు, నాకు తెలుసని చూపించుకోనీకి. ఆమెను ఎవ్వలేం అడగొద్దు. నన్ను క్షమించమని ఆమెను అడుగుతున్న." ముసలమ్మ నాలుక చప్పరించింది. పాస్టరయ్య కూర్చోమన్నాడు. ఆఖరి ప్రార్థన కాకముందే ఆమె లేచి వెళ్ళిపోయింది. అంతా అయిపోయింది, ఆమె ఇక నా ముఖం చూడదు అనుకున్నాను.

సోమవారం పొద్దున సంచి పట్టుకుని మా గడపలో నిలబడింది. "బస్సు టైమైతున్నది, రా. నన్నేం అడగకు."

అడగలేదు. ఆత్మకూరులో బస్సు ఆగితే, పుట్టింటివాళ్ళెవరైనా చూస్తారని కొంగు ముఖం మీదికి లాక్కుంది. వనపర్తిలో డాక్టరు చేత్తో చూసి ఇన్నాళ్ళు ఏం చేశారని కసిరాడు. సూదితో తీసి పరీక్షకు పంపాడు. వారం తర్వాత మళ్ళీ పోతే, ఆమెను బయట బెంచీ మీద కూర్చోమని నన్ను లోపలికి పిలిచాడు. మాకందరికీ తెలిసిన పద్ధతే అది, చెడ్డ మాట ముందు పక్కవాళ్ళకు చెప్తారు. చంకలోకి కూడా పాకిందన్నాడు. రెండు నెలల ముందు వస్తే వేరుగా ఉండేదన్నాడు. వెంటనే పట్నం పోయి ఆపరేషన్ చేయించాలి, ఆ తర్వాత ఏమీ చెప్పలేను అన్నాడు. ఆమెకు మెల్లగా చెప్పుకోమన్నాడు.

బయటికి వచ్చాను. ఆమె తలెత్తి చూసింది.

"ఏమన్నడు?"

చేతిలోని రిపోర్టును మడతలు పెట్టాను.

"ఊరందరికి చెప్పినవు. నాకు చెప్పనీకి నోరొస్తలేదా?"

ఆమె పక్కన కూర్చుని చెప్పాను. రెండు నెలల మాట కూడా దాచలేదు. ఆమె సంచి ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత, "ఆదివారం నేనే చెప్త. గడ్డ పోలే, నేనే అబద్ధమాడిన అని. నువ్వు నా పక్కకు నిలబడు. నోరు మాత్రం తెరవకు," అన్నది.

నిన్ననే ఆ ఆదివారం. రేపు మంగళవారం పట్నం బస్సెక్కుతున్నాం. నిన్న ఆమె చెప్తున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. అత్త వెనక వరుసలో పిల్లలిద్దరినీ రెండు చేతులతో బిగించి పట్టుకుని కూర్చుంది. ఆమె చెప్పడం అయిపోయింది. సంఘంలో ఒక్కరూ ఆమేన్ అనలేదు. ఆమె చెయ్యి నా చేతిని వెతుక్కుంది. నేను పట్టుకున్నాను, నోరు తెరవలేదు.