మీరు చెప్పండి, పిన్నిగారూ

రాజకీయాల్లో ఆడవాళ్ల మీద పీహెచ్‌డీ చేస్తూ బందరు నుంచి మా దివిసీమకొచ్చిన ఆ అమ్మాయి పూటంతా నన్నే ఇంటర్వ్యూ చేసిందని ఊళ్లో కోతలు కోశాను. నిజానికి నన్నొక్క ప్రశ్న కూడా అడగలేదు. సర్పంచిగా చేసింది మా ఆవిడ.

“శ్మశానం దారి మెరక చేయించాలని మీకెందుకనిపించింది, పిన్నిగారూ?” అని ఆవిణ్ని అడిగింది.

“పిన్నికేం తెలుసమ్మాయ్, సంతకాలు పెట్టేది. ఆలోచన నాది,” అని నేనందుకున్నాను.

నా ఉపన్యాసం అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుని, నా వైపు తల తిప్పకుండానే, “మీరు చెప్పండి, పిన్నిగారూ,” అంది. ఎన్నిసార్లు అడ్డుపడినా అదే మాట, అదే మెత్తదనం. విసుగు లేదు, వెటకారం లేదు.

మా ఆవిడ పోయాక, ఆవిడ గొంతు వినాలనిపించి, ఆనాటి రికార్డింగు పంపమని ఆ అమ్మాయిని అడిగాను. పంపింది. అందులో అంతా నేనే. మా ఆవిడ ఒక్కసారి మాత్రం, “ఆ వానల్లో పక్కింటావిడ పోయినప్పుడమ్మా...” అని మొదలుపెట్టింది. వెంటనే నా గొంతు అడ్డొచ్చింది.

ఆ దారి ఆలోచన నాది కాదు. ఆ వానల్లో ఆవిడ ఏం చూసిందో నేనెప్పుడూ అడగలేదు. రోజూ ఆ రికార్డింగు పెట్టుకుని, ఈసారైనా నేను ఊరుకుంటానేమోనని వింటున్నాను.