ఆగ్నేయానికి తిప్పిన సైలెన్సర్

మీ బండికి తూర్పు ఎటు? నవ్వకండి, ఆలోచించి చెప్పండి. ఇంటికి తూర్పు ఉంది, పొలానికి ఉంది, శ్మశానానికి కూడా ఉంది. పొద్దున ఉత్తరానికి, మధ్యాహ్నం దక్షిణానికి పరుగెత్తే నాలుగు చక్రాల వస్తువుకు తూర్పు ఎటు? మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. గుడివాడలో ఒక వాస్తు సిద్ధాంతి చెప్పాడు. చెప్పి తాంబూలం పుచ్చుకున్నాడు. ఇచ్చిన మహానుభావుడు మా తమ్ముడు.

మా తమ్ముడిది చేపల వ్యాపారం. దివిసీమ చివర పాలకాయతిప్ప దగ్గర పడవల్లోంచి దిగిన చేపను ఐసులో పెట్టి, కోడూరు, అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు మీదుగా గుడివాడ మార్కెట్‌కు తీసుకెళ్తాడు. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోలు పికప్. పక్క సీట్లో రోజూ మా మరదలు ఉంటుంది. తోలేది అతడు, మార్కెట్లో కూర్చుని బేరమాడి అమ్మేది ఆమె. నేను మచిలీపట్నంలో ఉంటాను. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తాను, పిలిచిన చోటికల్లా వెళ్ళి వాదిస్తాను. ఊళ్ళో వాళ్ళు నా మాట వింటారు. మా ఇంట్లో వాళ్ళు వినరు.

బండిని తడి ఇసుక మీద నీళ్ళ అంచుదాకా దూకించడం మా తమ్ముడికి ఒక గొప్ప. కాలుతున్న ఇనుము మీద ఉప్పునీళ్ళు చిమ్మితే ఏమవుతుందో బడికి వెళ్ళే పిల్లలకు కూడా తెలుసు. నాలుగు సిలిండర్లలోంచి వచ్చే వేడి పొగను పోగుచేసి ఒక గొట్టంలోకి పంపే పోత ఇనుప భాగం ఒకటి ఇంజనుకు బిగించి ఉంటుంది. దాన్ని మేనిఫోల్డ్ అంటారు. అది పగిలింది. బండి ట్రాక్టరులా అరవడం మొదలుపెట్టింది. కంపెనీ మేనిఫోల్డ్ కొనుక్కుంటే సరిపోయేది. కానీ ఎవడో ఫోన్‌లో వీడియో చూపించాడట. నాలుగు స్టీలు గొట్టాలు వంపులు తిరిగి ఒకటయ్యే హెడర్ పెడితే బండికి బలం పెరుగుతుందట. గుడివాడ రోడ్డు గుంతల్లో, ఐసు బరువుతో, ఎద్దులా నడిచే బండికి ఆ బలం ఎందుకు? నేను అడిగాను కూడా.

"రేసుకెళ్తున్నావా, చేపలకెళ్తున్నావా?"

"నీకు బండ్ల సంగతి తెలవదక్కా."

తెలియదు. అయినా మచిలీపట్నంలో ఆ సామాను అమ్మే కొట్టుకు తోడు వెళ్ళాను, సంచిలో ఒక స్టీలు స్కేలు వేసుకుని. కొట్టాయన రెండు హెడర్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి అద్దంలా తళతళలాడుతోంది. రెండోది మొద్దుగా, మసక రంగులో ఉంది. మా తమ్ముడి కళ్ళు మొదటిదాని మీదే అతుక్కున్నాయి.

"చిలకలపూడి రోల్డుగోల్డు నగల్లా మెరుస్తంది చూడండి. ఇది పెడితే బండి ఎగురుద్దండి," అన్నాడు కొట్టాయన.

"మెరిసేది మెళ్ళో వేసుకోడానికి. ఇది ఇంజనుకు," అని, ఇంజనుకు ఆనుకునే పలక మీద స్కేలు అంచు నిలబెట్టాను. మధ్యలో వెలుతురు కనిపించింది. పలక వంగి ఉందన్నమాట. బిగించినా సందుల్లోంచి పొగ చిమ్ముతుంది. మొద్దుదాని పలక మీద స్కేలు పెడితే వెలుతురు చార కూడా లేదు. గొట్టం మందం కూడా దీనిదే ఎక్కువ.

కొట్టాయన నవ్వాడు. "అమ్మగారు పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తన్నారే!"

"పెళ్ళికూతురికైతే ఇంత చూపు అక్కర్లేదండి. ఆమెకు నోరుంది, బాగాలేకపోతే చెబుతుంది."

మొద్దుదే కొన్నాం. దారి పొడవునా మా తమ్ముడు మూతి ముడుచుకునే ఉన్నాడు. నేను గెలిచాననుకున్నాను. వాదనలో గెలవడానికి అలవాటు పడ్డవాళ్ళకు వచ్చే జబ్బు ఇది, ఒక మాట నెగ్గగానే మనిషి మారాడనుకుంటారు.

బిగించింది పామర్రులో, మెయిన్ రోడ్డు మీద ఉన్న మెకానిక్ షెడ్డులో. ఆ మెకానిక్ పనిమంతుడు. అది దాచను. తుప్పు పట్టిన నట్లకు ముందురోజే నూనె పట్టించాడు. పొగ కారకుండా మధ్యలో పెట్టే పాత గాస్కెట్ ముక్కలను గీకి, ఇంజను ముఖాన్ని శుభ్రంగా తుడిచి, కొత్త గాస్కెట్ పెట్టాడు. నట్లను మధ్యలోంచి చివరలకు, ఒక్కొక్కదాన్ని కొంచెం కొంచెంగా బిగించాడు. ఎందుకలా అంటే, "ఓ పక్కే బిగిస్తే రెండో పక్క లేస్తదమ్మా. వేడెక్కాక మళ్ళీ ఓసారి బిగించాల," అన్నాడు. కారణం తెలిసి పనిచేసే మనిషిని చూస్తే నాకు గౌరవం. ఆ గౌరవంతోనే, మిగతా పని చూడకుండా మధ్యాహ్నం బస్సెక్కి మచిలీపట్నం వెళ్ళాను. సాయంత్రం నాకు ఒక సభ ఉంది. విషయం, శాస్త్రీయ దృష్టి.

మిగిలిన పని చిన్నదే. హెడర్ మూతి పాత గొట్టానికి సరిగ్గా ఎదురుపడలేదు. కిందినుంచి వెనకదాకా పోయే గొట్టాన్ని కోసి, కొంత కలిపి వెల్డింగ్ చేయాలి. కోత అనగానే మా తమ్ముడికి భయం పట్టింది. బండికి కొత్త అంగం పెడుతున్నాం, పాతది కోస్తున్నాం, అడగకుండా ఎలా? సిద్ధాంతికి ఫోన్ చేశాడు. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న. బండి ఎటు చూస్తోంది? తూర్పు చూస్తోందండీ, కొబ్బరికాయ కొట్టడానికి అలా నిలబెట్టాం అన్నాడు ఇతడు. అయితే అగ్ని బయటికి పోయే చోటు ఆగ్నేయంలో ఉండాలి, వెనక పడమట పెడితే వ్యాపారం పడిపోతుంది అని సెలవిచ్చాడు ఆయన.

తూర్పుకు చూస్తున్న బండికి ఆగ్నేయం అంటే ముందు భాగంలో కుడివైపు. అంటే డ్రైవరు కాళ్ళ కింద. మెకానిక్ సైలెన్సర్‌ను ముందుకు జరిపి, గొట్టాన్ని కురచగా కోసి, మూతిని డ్రైవరు తలుపు కిందికి తిప్పి వెల్డింగ్ చేసేశాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

వారం తిరిగేసరికి ఇద్దరికీ తలనొప్పులు. మా మరదలికి గుడివాడ చేరేసరికి వాంతులు. మార్కెట్లో పక్క బుట్టల ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏమే, నీళ్ళోసుకున్నావా?"

"నా కూతురికి పెళ్ళీడొచ్చింది. నీకు సిగ్గు లేదటే?"

"నాకెందుకే సిగ్గు, నీ మొగుడికుండాలి గానీ!"

ఇది నాకు ఫోన్‌లో చెప్పి మా మరదలు తనే నవ్వింది. తర్వాత, "కొత్త సామాను పెట్టాంగదా వదినా, ఎవరో కన్నేశారు. దిష్టి తీయించాం," అంది. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించారు. బంపరుకు మిరపకాయల దండ కట్టారు. లోపల అగరుబత్తి వెలిగించడం మొదలుపెట్టారు. నేను అలవాటుగా తిట్టి ఫోన్ పెట్టేశాను. తలనొప్పి ఎందుకని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. హేతువును వెతకమని ఊరందరికీ చెప్పే నేను దిష్టిని తిట్టే సరదాలో హేతువును మరిచిపోయాను.

తర్వాత కొన్నాళ్ళకు చల్లపల్లిలో పని ముగించుకుని పొద్దున్నే వాళ్ళ బండెక్కాను, పామర్రులో దిగి బస్సు అందుకుందామని. మధ్యలో నేను, అద్దం పక్కన మరదలు. ముసురు. అద్దాలు ఎత్తేసి ఉన్నాయి. చేపల వాసన, దాని మీద అగరుబత్తి వాసన, ఆ రెంటి మధ్య పొగ వాసన ఎవరికి తెలుస్తుంది? అందులో ఉండే అసలు విషానికైతే వాసనే ఉండదు. కూచిపూడి దాటేసరికి నా కణతల్లో ఎవరో కొడుతున్నట్టు ఉంది. మరదలు తల నా భుజం మీద వాలింది. నిద్రపోతోందనుకున్నాను. బండి గుంతలో పడి ఎగిరింది, ఆమె కదల్లేదు. చెంప మీద తట్టాను. కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసింది.

"ఆపు!" అని అరిచాను.

"వాన అక్కా, పామర్రులో..."

"ఆపరా!"

తలుపులు రెండూ తెరిచి, ఆమెను వానలోనే రోడ్డు పక్కన కూర్చోబెట్టాను. ఇంజను ఆపలేదు అతడు. అప్పుడు చూశాను, డ్రైవరు తలుపు కిందనుంచి పొగ లేచి, తెరిచిన తలుపులోంచి బండిలోకే పోతోంది. పెడళ్ళ దగ్గరి సందులు, గేరు కర్ర చుట్టూ చిరిగిన రబ్బరు, అన్నీ దానికి దారులే. అద్దాలన్నీ దించి పామర్రు ఆసుపత్రికి చేర్చాం. డాక్టరు ఆమె ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, బండి సంగతి విని, "ఇంకో అరగంట ప్రయాణం చేసుంటే నేను చేసేది ఏమీ ఉండేది కాదు," అన్నాడు.

ఆమె మాట్లాడగలిగాక నేను షెడ్డుకు వెళ్ళాను, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని.

"గొట్టం మూతి మనిషి కింద పెట్టకూడదని నీకు తెలియదా?" అని మెకానిక్‌ను అడిగాను.

"తెలుసమ్మా. మీ తమ్ముడే అట్టా పెట్టమన్నాడు. సిద్ధాంతిగారు చెప్పాక నేనేం అంటాను?"

తెలియనివాడి మీద నాకు కోపం ఉండదు. నట్లు ఏ వరసలో బిగించాలో కారణంతో సహా చెప్పినవాడు, ప్రాణం తీసే చోట గొట్టం పెట్టమంటే నోరు మూసుకుని వెల్డింగ్ చేశాడు. అతడి చేతిలో పని ఉంది, నోట్లో 'కూడదు' అనే మాట లేదు.

సిద్ధాంతికి నేనే ఫోన్ చేశాను. "అయ్యా, మీరు వాస్తు చెప్పిన బండి ఇప్పుడు పామర్రులో ఉత్తరం చూస్తోంది. ఆగ్నేయం ఎటు?"

"బండి తిరిగినప్పుడల్లా దిక్కు చూడరమ్మా. పూజప్పుడు ఎటుందో అదే లెక్క."

"పూజ చేసేటప్పుడు దాన్ని నడపరు కదండీ. నడిపేటప్పుడు రోజూ పొద్దున చేపలతో ఉత్తరానికే పోతుంది. మీ లెక్కలోనే ఆగ్నేయం కుడివైపు వెనక్కి వస్తుంది. ఆ రోజు ఉత్తరానికి నిలబెట్టి ఉంటే మా మరదలు ఆసుపత్రిలో ఉండేది కాదు."

"వితండవాదం చేస్తే నేనేం చెప్పను?" అని పెట్టేశాడు. అడ్డగాడిద దొరికినంత కాలం మోయించేవాడికి బరువేముంది?

అప్పుడు మా తమ్ముడు నోరు విప్పాడు. "అక్కా, మారుద్దాం. ఇయ్యాల మంగళవారం. గురువారం మంచిరోజంట."

భార్య ముక్కుకు గొట్టం ఉంది. ఇతడికి గురువారం కావాలి. నేను చదివిందీ, వాదించిందీ అంతా ఆ షెడ్డులో గ్రీజు మరకంత పనికి రాలేదు. పనికొచ్చింది మా మరదలి ఒక్క మాట. ఆసుపత్రి మంచం మీదనుంచి ఫోన్‌లో అంది: "గురువారందాకా ఎవరమ్ముతారో నీ చేపలు, వాళ్ళనెక్కించుకో. గొట్టం వెనక్కి పోయిందాకా నేను బండెక్కను." ఆమె లేకపోతే గుడివాడలో అతడి చేపను అడిగేవాడు లేడు. మంగళవారం మధ్యాహ్నమే గొట్టం వెనక బంపరు దాటి బయటికి వచ్చింది. పెడళ్ళ దగ్గరి సందులు మూశారు, గేరు కర్రకు కొత్త రబ్బరు వేశారు. మర్నాటినుంచి తలనొప్పి లేదు. ఇప్పుడు మా తమ్ముడు అందరికీ చెప్పుకుంటున్నాడు, నిమ్మకాయలు ఆలస్యంగానైనా పనిచేశాయని. వినేవాళ్ళు తలలూపుతున్నారు. ఒకడు అదే సిద్ధాంతి నంబరు కూడా అడిగి తీసుకున్నాడు.

ఆ ఒకడు మీరు కావచ్చు. అందుకే ఈ పుస్తకం పక్కన పెట్టి లేవండి. మీ బండి కిందికి వంగి చూడండి. పొగ గొట్టం తలుపుల కింద ఆగిపోతే తాళం తిప్పకండి, మీ ఇంట్లో ఎవరినీ ఎక్కించకండి. మెకానిక్‌ను పిలిచి, ఏ రోజైనా సరే, ఏ దిక్కైనా సరే, ముందు దాన్ని వెనక్కి పొడిగించమనండి.