సగం చదివిన చీటీ

పదమూడేళ్లుగా ఒక చీటీ బరువు మోస్తున్నాను. అరచేయంత కాగితం. దాన్ని నేను సగమే చదివి వినిపించాను. మిగతా సగం దాచినందుకు ఒక మనిషి చచ్చిపోయాడు. ఇంకో మనిషి, తాను చేయని పాపానికి మాటలు పడుతూ బతికింది. నేను మాత్రం వీధిలో పెద్దమనిషిగా చలామణీ అయ్యాను.

నా పేరు చెప్పను. అది పిరికితనమే. కానీ మా ఆయన ఉన్నాడు, ఇందులో ఆయన చేసిందేమీ లేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు మొదటి నుంచీ చెప్పగలుగుతున్నాను.

మాది గద్వాలలో చీరలు నేయించే ఇల్లు. మా ఆయన మెతక మనిషి. నూలు, పట్టు నేతగాళ్లకు ఇవ్వడం, నేసిన చీరలు హైదరాబాదు పంపడం, అంతా నా చేతుల మీదే నడిచేది. మాకు నేసేవాళ్లలో తిమ్మప్పను మించినవాడు లేడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. పోగుకు పోగు అతికి రెంటినీ కలపాలి. తిమ్మప్ప కలిపితే వేలితో తడిమినా అతుకు తెలిసేది కాదు.

ఆ వేళ్లు వణకకుండా ఉండాలంటే మాత్రం పొద్దున్నే అతనికి కల్లు పడాలి.

కల్లు అని రాస్తుంటేనే ఒళ్లు మండుతోంది. దుకాణంలో అమ్మేది చెట్టు మీంచి దించింది కాదు. నీళ్లలో చక్కెరా, మత్తు పొడీ కలిపిన తెల్లనీళ్లు. ఈ సంగతి దుకాణం వేలంలో పాడుకున్నవాడికి తెలుసు, తనిఖీకి వచ్చి వెళ్లేవాళ్లకు తెలుసు, వీధిలో చంటిపిల్లల తల్లులకూ తెలుసు. ఒకరోజు అందకపోతే చేతులు వణుకుతాయి. రెండో రోజుకు లేని మనుషులు కనబడతారు. మూడో రోజు పడిపోయి కొట్టుకుంటారు. మనుషులకు ఈ రోగం అంటించినవాడు తెల్లబట్టల్లో తిరిగేవాడు, రోగం అంటుకున్నవాణ్ని మేమంతా తాగుబోతని ఈసడించేవాళ్లం. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో, బస్సు దిగిన ప్రతిచోటా దుకాణం కనబడింది నాకు. ఆ మత్తు విడిపించే మంచం ఒక్కటి ఎక్కడుందో ఎవరూ చెప్పగా వినలేదు. ఎవరికి పట్టింది?

ఇంత కోపంగా అడుగుతున్నానే, మరి నాకు పట్టిందా?

పదమూడేళ్ల కిందటి ఎండాకాలంలో పాటదారుల మధ్య తగాదా వచ్చి నాలుగు రోజులు దుకాణం మూసేశారు. మూడో రోజు తిమ్మప్ప మగ్గం గుంటలోంచి కేకలు పెడుతూ లేచాడు. పోగుల్లో పాములు పారాడుతున్నాయట. భార్య పద్మమ్మ అతన్ని పట్టుకుని దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు చీటీ రాసి ఏదో చెప్పబోతుండగానే తిమ్మప్ప వరండాలో పడి కొట్టుకున్నాడట. ఆమె అటు పరుగెత్తింది. సూది వేసి, కాస్త నిమ్మళించాక, కాంపౌండరు ఆ చీటీ ఆమె చేతిలో పెట్టి, ఎవరిచేతనైనా చదివించుకోమన్నాడు. పద్మమ్మకు చదువు రాదు. మా వీధిలో ఎవరికి కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. నేను పదో తరగతి పాసయ్యాను.

ఆ వారమే హైదరాబాదు నుంచి ఏడు పెళ్లి చీరల పని వచ్చింది. నా అంతట నేను మాట్లాడి తెచ్చిన మొదటి పెద్ద పని అది. ఏడింటికీ తిమ్మప్ప చేతిపనినే చూపించి ఒప్పించాను.

చీటీలో పైన ఇంగ్లీషు రెండు వరుసలు, కింద తెలుగు. ఆ డాక్టరు ఎవరో గానీ మంచివాడు, అర్థమయ్యేలా రాశాడు. ఇంటి దగ్గర కల్లు ఒక్కసారిగా మాన్పించవద్దు, ప్రాణానికి ప్రమాదం. వెంటనే హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోండి, ఈ చీటీ చూపిస్తే చేర్చుకుంటారు. మూడు వారాలు అక్కడే ఉంచి మందులతో మాన్పిస్తారు. నయమవుతుంది. ఆ చివరి మాట కింద గీత కూడా గీశాడు.

పద్మమ్మ గడప దగ్గర నిలబడి నా మొహంలోకే చూస్తోంది.

"ఏం రాసిండక్కా?"

"ఏం లేదే. కమ్‌జోరు అయిండంట. కడుపునిండ తినమన్నడు."

"కల్లు సంగతి ఏమన్న రాసిండా?"

"ఒక్కసారే బంద్ పెట్టొద్దన్నడు. పాణానికి మంచిది కాదంట."

"మరి తాగుతనే ఉండాల్నా? గట్లెట్లనక్కా?"

"జర జర పోస్తుండు. నిమ్మళమైతడు."

"పట్నం గిట్ల పోవాల్నా?"

"ఏం అక్కర్లేదు."

ఆమె నా చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకుంది. నువ్వు లేకుంటే మాకెవరున్నరక్కా అంది. చీటీ నా దగ్గరే ఉంటుందని చెప్పి, ఆమె వెళ్లగానే పొయ్యిలో పెట్టాను.

మొదటి సగం నిజమే కదా, అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. డాక్టరు రాసిందే చదివాను కదా. పట్నంలో అది పిచ్చివాళ్ల దవాఖాన, అక్కడికి పంపితే వాళ్ల పరువు పోయేది కదా. ఏడు చీరలు అయ్యాక నేనే తీసుకుపోదామనుకున్నాను కదా. అనుకున్నానా? నిజంగా అనుకున్నానా, లేక తర్వాత అల్లుకున్నానా? ఎంత వెతికినా ఆ రోజు నా మనసులో చీరలు తప్ప ఇంకేమీ దొరకదు. ఆ సాయంత్రమే మనిషిని పంపి పక్క ఊరి నుంచి నాలుగు సీసాలు తెప్పించి వాళ్లింటికి చేర్చాను. తిమ్మప్ప వేళ్లు కుదుటపడ్డాయి. ఏడు చీరలూ నేశాడు. హైదరాబాదు చీరల దుకాణంవాడు మెచ్చుకున్నాడు, మళ్లీ పని ఇచ్చాడు. నేను మళ్లీ ఒప్పుకున్నాను. పట్నం మాట నా నోట రాలేదు.

మరుసటి ఏడాది కల్లు దుకాణం మళ్లీ మూతపడింది. ఈసారి పక్క ఊళ్లలోనూ దొరకలేదు. రెండో రోజు రాత్రి మొదలైన కొట్టుకోవడం తెల్లారేదాకా ఆగలేదు. దవాఖానలో పట్నం తీసుకుపొమ్మన్నారు. అప్పుడు చెప్పారు. పద్మమ్మ అతన్ని బస్సెక్కించింది. ఇటిక్యాల దారిలో, కృష్ణ వంతెన ఇంకా రాకముందే, ఆమె ఒడిలోనే ప్రాణం పోయింది. కండక్టరు బస్సు ఆపి దింపేశాడు. రోడ్డు పక్కన శవాన్ని పెట్టుకుని బండి కోసం మధ్యాహ్నం దాకా కూర్చుందట.

ఇంటికి తెచ్చాక జరిగింది నేను కళ్లారా చూశాను. తిమ్మప్ప తల్లి కోడలి జుట్టు పట్టుకుంది. "నీ చేత్తోనే పోసినవ్. నా కొడుకును నువ్వే తాపి సంపినవ్!" అని శవం ముందే వంగదీసి కొట్టింది. పద్మమ్మ దెబ్బలు తింటూనే నావైపు చూసింది. అక్క చెప్తుంది, డాక్టరే పోయమన్నాడని అక్క చెప్తుంది, అని చూసింది. నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అందరూ నన్ను ఓదార్చారు. నన్ను!

ఆ రోజు నుంచి మొగుణ్ని తాపి చంపింది అనే మాట ఆమె వెనకాలే నడిచింది. పెళ్లిళ్లకు పిలవలేదు. పుట్టిల్లు బల్మూరు నుంచి తమ్ముడు వచ్చి తీసుకుపోతానన్నా పోలేదు. కొట్టిన అత్తకే అన్నం పెడుతూ, నాకే నూలు కండెలు చుడుతూ బతికింది. పైగా ఎవరు అడిగినా, ఆ అక్క నాకు తోడున్నదని చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆమె మీద కోపం వచ్చేది. అంత నమ్మడం ఎందుకు? ఒక్కసారి ఆ చీటీ ఇవ్వమని అడగొచ్చు కదా? చూశారా, తప్పు చేసినదాన్ని నేను, కోపం ఆమె మీద. కల్లు దుకాణంవాడిని తిట్టేదాన్ని, సర్కారును తిట్టేదాన్ని. వాళ్లు తిట్లకు తగినవాళ్లే. పొడి కలిపినవాడు ఎన్ని ఇళ్లు కూల్చాడో లెక్కలేదు. కానీ ఆ ఒక్క ఇంటికి దారి చూపించే కాగితం వచ్చింది. దాన్ని తగలబెట్టింది వాడు కాదు.

పోయిన నెల వీధిలో ఒక కొత్తకోడలు పద్మమ్మను చూసి పక్కకు తప్పుకుంది, అపశకునమన్నట్టు. ఆమెకు ఆ కథ ఎవరు చెప్పారో. పుట్టిన పిల్లలకు కూడా మేము ఈ అబద్ధాన్ని నేర్పుతున్నాం. నాకు ఇక తట్టుకోవడం చేతకాలేదు. ఆ మధ్యాహ్నమే పద్మమ్మ ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, చీటీలో ఉన్నదంతా చెప్పాను.

ఆమె చేతిలో రాట్నం ఆగింది. ఒక్కటే అడిగింది.

"ఎన్ని దినాలు ఉండాల్నని రాసిండు?"

"మూడు వారాలు."

"మూడు వారాలేనా?"

నేను ఆమె కాళ్ల వైపు వంగబోయాను. చటుక్కున వెనక్కి జరిగింది.

"ముట్టకు. నాకు చెప్పుడు కాదు. మా అత్తకు చెప్పుపో."

ముసలామెకు చెవులు సరిగా వినబడవు. లోపల మంచం పక్కన నిలబడి చెప్పాను. ఏందీ అంది. ఇంకా గట్టిగా చెప్పాను. ఏం తగలవెట్టినవ్ అంది. ఇక అరవాల్సి వచ్చింది. పదమూడేళ్లు గుసగుసగా కూడా నోరు దాటనివ్వని మాటను వీధి వాకిలి తెరిచి ఉండగా అరిచాను. డాక్టరు పట్నం తీసుకపొమ్మని రాసిండు, నేను దాచిన, కల్లు పొయ్యమన్నది నేను, నీ కోడలు కాదు. బయట ఎదురింటి మగ్గం చప్పుడు ఆగిపోయింది. వాకిట్లో మనుషులు చేరారు.

ముసలామె నన్ను తిట్టలేదు. కొట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. పద్మమ్మ లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడినవాళ్లు నేను వెళ్లడానికి దారి ఇచ్చారు, ఎవరూ నన్ను పలకరించలేదు. ఇప్పటికీ పలకరించడం లేదు. పద్మమ్మ నా కండెలు చుట్టడం మానేసింది. అది న్యాయమే. క్షమించమని నేను అడగలేదు, అడగను.

ఒక్కటి మాత్రం మీకు చెప్పాలి. ముసలామెకు మొదటిసారి చెప్పినప్పుడు నా గొంతు వణికింది. రెండోసారీ వణికింది. మూడోసారి, వీధంతా వినేలా అరిచినప్పుడు, వణకలేదు.