ఉస్తాద్‌కు పట్టిన కునుకు

మా ఉస్తాద్ ఇక లేరని మొన్న పొద్దున సూరత్‌లోని పర్వత్ పాటియా నుంచి ఫోన్ వచ్చింది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు పడకేసిన మనిషి మళ్లీ లేవలేదు. నేనప్పుడు సూరత్ అవతల సచిన్‌లో ఒక మిల్లు ముందు గుడ్డ తాన్లు దించుతున్నాను. లారీ ముందు టైరును పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

లారీ నేర్పే మనిషిని మేము ఉస్తాద్ అంటాం. ఆయన పేరుతో మాకెప్పుడూ పని పడలేదు. నేను మగ్గం మనిషిని. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోతే భార్యను, బిడ్డను జగిత్యాల దగ్గరి మా ఊరికి పంపేశాను. చిన్న టెంపో నడపడం ఒక్కటే వచ్చు. లారీ చేతికొస్తే తప్ప వాళ్లను మళ్లీ సూరత్‌కు పిలుచుకోలేను. ఉస్తాద్ సరేననందే లారీల సేఠ్ ఎవరికీ తాళం ఇచ్చేవాడు కాదు.

ఆయన దగ్గర పరీక్ష ఒక్కటే. పక్క సీట్లో ఆయనకు కునుకు పట్టాలి. "నాకు నిద్ర పట్టిన్నాడు నువ్వు డ్రైవర్‌వి తమ్మీ. అప్పటిదాంక నేర్సుకునేటోనివే" అనేవారు. అప్పటిదాకా ఆయన కుడికాలు అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉండేది. తొక్కి తొక్కి ఆ సీటు కింది రబ్బరు చాపకు చిల్లు పడింది.

రోడ్లన్నీ ఖాళీగా ఉన్న రోజుల్లో నాకు బండి వచ్చేసిందనుకున్నాను. "ఖాళీ సడక్ మీద బర్రె గూడ నడుపుతది. జర మార్కెట్ తెర్వనియ్" అని గాలి తీసేశారు. తెరిచాక పర్వత్ పాటియాలో చీరల మూటల బండ్ల మధ్య తోలించారు. మాస్కులో నాకు చెమటలు, పక్కన ఆయన కాలికి ఒకటే పని. లాక్‌డౌన్‌లో నేర్చుకున్న మా అందరి జబ్బూ ఒకటే, దారంతా మాదే అనుకోవడం. "పోవుడు అందరికస్తది. ఆగుడు నేర్సుకో" అని తిట్టేవారు. ఆ తిట్లే ఇవాళ నాకు అన్నం పెడుతున్నాయి.

ఒకనాడు బార్డోలీ దారిలో చెరుకు ట్రాక్టర్ ముందు పడింది. లోడు అటూ ఇటూ ఊగుతోంది. హారన్ కొట్టి దాటేద్దామని చెయ్యి దురదపెట్టింది. "చెరుకు ట్రాక్టర్‌కు ఎన్క కండ్లుండయి. దాని కండ్లు గూడ నీయే" అని ఆయన చెప్పిన మాట గుర్తొచ్చి, నెమ్మదిగా వెనకే పోయాను. ఎంతసేపటికీ పక్కనుంచి తిట్లు రాలేదు. చూద్దును కదా, మాస్కు గడ్డం కిందికి జారి, నోరు తెరుచుకుని ఉస్తాద్ గురక పెడుతున్నారు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. షుగర్ మిల్లు దగ్గర బండి ఆగితే ఆయనే లేచారు.

"ఏందిరా, ఇంక గీడనే ఉన్నమా?"

"ముంగట చెరుకుండె ఉస్తాద్."

"మంచిగైంది. ఇంటికి ఫోన్ జెయ్, రమ్మను."

వాళ్లు వచ్చారు. బిడ్డ ఇక్కడే బడికి పోతోంది.

నిన్న సేఠ్ కొత్తగా వచ్చిన ఒకతన్ని నాకు అప్పగించాడు. అతనూ మగ్గం వదిలి వచ్చినవాడే, పెళ్లాం పిల్లలు ఊళ్లో ఉన్నారు. బండి మాత్రం ఉస్తాద్ నాకు నేర్పిన ఆ పాతదే. మొదటిసారి ఎడమ సీట్లో కూర్చున్నాను. సచిన్ మలుపులో ఎవరో స్కూటర్ అడ్డం తిప్పారు. నా కుడికాలు తనంతట తనే కిందికి తొక్కింది. అతను బండి ఆపి, బెరుకుగా నా వైపు చూశాడు.

"మంచిగనే నడుపుతున్ననా ఉస్తాద్?"

"నడుపు తమ్మీ. నాకింకా నిద్రొస్తలేదు" అన్నాను.

కిందికి చూసుకుంటే నా కాలు ఆ చాప చిల్లులోనే ఉంది.