గని అన్న మాట

ఇరవై ఏళ్ల వయసులో నేనొక నవల మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే గ్రంథాలయం నుంచి తెచ్చిన ఇంకో నవల చదువుతున్నాను. భూమి అడుగున ఒక నగరం, మనుషులే చేసుకున్న సూర్యుడు, అక్కడే పుట్టి అక్కడే పోయే జనం. అది పది పేజీలు చదవడం, ఆ వేడిలోనే నావి నాలుగు పేజీలు రాయడం. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుండేది నా రాత. అయినా నా కథలో దీపం పట్టుకుని అందరికంటే ముందు నడిచే మనిషి మాత్రం మా బాపే. అమ్మానాన్నల్ని మా ఇంట్లో అవ్వ, బాపు అనేవాళ్లం.

బాపు చెన్నూరు దగ్గరి పల్లె వదిలి బొగ్గు పనికి వచ్చినవాడు. బొగ్గు తవ్వే చోటును మా క్వార్టర్లలో అందరూ బాయి అనేవారు. 'గని' అనేది నేను అచ్చులోనే చూశాను. గొప్పగా ఉంటుందని నా నవల నిండా అదే రాశాను. మా వైపు మాటల్లో గని అంటే 'కానీ' అని నాకు తట్టనే లేదు.

ఒక సెలవు మధ్యాహ్నం, బాపును పట్టుకున్న దగ్గు కాస్త నిమ్మళించాక, ఆయనకు మొదటి అధ్యాయం చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"మంచిగనే ఉన్నది బిడ్డా. ఊకె గని, గని అంటున్నవ్. గని... ఏమైంది?"

పగలబడి నవ్వాను. గని అంటే బాయి అని చెప్పాను కూడా, కాకపోతే నవ్వుతూనే చెప్పాను. బాపు ముఖం చిన్నబోయింది.

"సదువుకున్నోళ్ల మాటలు నాకేమెరుక" అని లేచి వెళ్లాడు.

మళ్లీ ఎప్పుడూ చదవమనలేదు. ఆయనే అడగాలని నేను బెట్టు చేశాను. ఆ నవ్వుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

వానాకాలం వెళ్లకముందే ఆ దగ్గు బాపును తీసుకుపోయింది.

దినాలయ్యాక, నా కాగితాల కట్ట మీద దుమ్ము దులుపుతూ అవ్వ అంది:

"మీ బాపు నిన్నొక మాట అడుగుమన్నడు బిడ్డా, నేనే మర్శిన. గా దీపం పట్టుకున్నాయన నేనేనే, గుర్తువట్టిన అన్నడు. ఆఖరికి నన్ను పైకి తెస్తడా, బాయిలనే ఉంచుతడా, జర అడుగు అన్నడు."

ఆఖరి అధ్యాయం అప్పటికే రాసేశాను. నేను చదివిన ఆ పుస్తకంలో ఎవరూ పైకి రారు. అది చూసి నేనూ ఆ మనిషిని కిందే వదిలేశాను.

అవ్వకు చదువు రాదు.

"పైకే తెచ్చిన అవ్వా" అన్నాను.